అరుగుదల మాత్ర వేసుకున్న తాతబ్బాయి గారు

గుమ్మడిలంకలో తెలివిగలవాళ్ళ ఇల్లు ఏదని అడిగితే తాతబ్బాయి గారు వేలు చూపించి ఊరుకోరు. చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి తన అరుగు మీదే కూర్చోబెడతారు. ఆ ఇంట్లో ఉండేది నలుగురు. ఆయన, ఆయన భార్య వరహాలమ్మ, కొడుకు గవర్రాజు, కోడలు బేబీ సరోజిని. నలుగురికీ కలిపి ఒకటే తెలివి. అవసరం వచ్చినప్పుడు వాటాలు వేసుకుని వాడుకుంటారు.

ఆయన పేరు విని నవ్వేవాళ్ళున్నారు గానీ అందులోనూ తెలివి ఉంది. పుట్టినప్పుడు అబ్బాయి, ఇప్పుడు డెబ్బై ఆరేళ్ళకి తాత. మా నాన్న ముందుచూపుతో రెండూ ఒకేసారి పెట్టేశాడు, మధ్యలో మార్చుకునే పని తప్పింది అంటారాయన.

ఆ ఇంటి తెలివికి మూలసూత్రం ఒక్కటే. చెప్పింది చెప్పినట్టు చెయ్యాలి. వెంట్రుకవాసి ఎక్కువ వద్దు, తక్కువ వద్దు. పక్కింటివాళ్ళు ఊరెళ్తూ మా ఇల్లు కాస్త చూస్తూ ఉండండి అన్నారని, నలుగురూ వంతులవారీగా రోజంతా ఆ ఇంటిని చూశారు. గేదె వచ్చి వాళ్ళ బీరపాదంతా మేసి పోయింది. పోతే పోయింది, ఇల్లు మాత్రం అంగుళం కదల్లేదు. అంత నమ్మకంగా చూశారు.

అలాంటి మనిషికి ఒక్కచోట దెబ్బ తగిలింది. తొడల దగ్గర.

కిందటి నెల చుట్టాలింట్లో పెళ్ళి, బంతి భోజనాలు. మొదటి విస్తరి తాతబ్బాయి గారిది. ఆ చుట్టరికంలో ఆయనే పెద్దల్లుడు మరి. వాళ్ళకో పద్ధతుంది. మొదటి విస్తరి మనిషి లేస్తేనే బంతి లేవాలి, ఆయన కూర్చుంటే బంతిలో ఎవరూ నిలబడి ఉండకూడదు. ఆయన కడుపునిండా తిన్నారు, పెరుగన్నం వేళ్ళు నాకారు, లేద్దామనుకున్నారు. తొడలు ఒప్పుకోలేదు. చెయ్యి ఆనించి చూశారు, పక్కకి ఒరిగి చూశారు. యాభై మంది ఎంగిలి చేతులు ఎండబెట్టుకుంటూ కూర్చున్నారు. ఆఖరికి ఇద్దరు వంటవాళ్ళు వచ్చి చంకల్లో చేతులు వేసి ఎత్తితే లేచారు. పంచెకి అంటుకుని విస్తరి కూడా లేచింది.

పక్క విస్తరిలో కూర్చున్నది వరహాలమ్మ తమ్ముడు పాపారాయుడు. నవ్వి నవ్వి పొలమారి, నీళ్ళు తాగి మళ్ళీ నవ్వాడు.

"నలభై రోజుల్లో మా గృహప్రవేశం బావా. నీకు విడిగా కుర్చీ, బల్ల వేయిస్తాలే. మొదటి విస్తరి నేను చూసుకుంటాను."

అంతే. ఆ మాట తాతబ్బాయి గారికి అన్నంలో రాయిలా తగిలింది. కుర్చీలో కూర్చుని, బంతికి దూరంగా తినడమా. ప్రాణం పోయినా మొదటి విస్తరి పోకూడదు, గృహప్రవేశంలో చెయ్యి ఆనించకుండా లేవాలి అని ఆయన ఒట్టు పెట్టుకున్నారు. మర్నాడే నలుగురూ కట్టకట్టుకుని పట్నంలో డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళారు.

డాక్టరమ్మ పేరు హైమావతి. ఓపికమంతురాలు, పాపం. ఆయన కాళ్ళు నొక్కి చూసి, వయసు మీద పడింది కదండీ అంది. వరహాలమ్మ గబగబా ఆయన భుజాలు దులిపింది.

కాళ్ళలో కండ తగ్గిందని, పప్పు, గుడ్డు, పెరుగు బాగా తినాలని చెప్పింది డాక్టరమ్మ. తింటే అరగట్లేదండీ, ముద్దపప్పు తిన్నరోజు పొట్ట గుమ్మడికాయలా బిగుస్తోంది, అందుకే మానేశాను అన్నారాయన. అప్పుడామె వయసు పెరిగినకొద్దీ కొందరికి పొట్టలో అరిగించే రసాలు తగ్గుతాయని, పప్పులోనూ గుడ్డులోనూ ఉండే మాంసకృత్తుల్ని విడగొట్టడానికి ఎంజైముల మాత్ర ఒకటి రాస్తానని చెప్పింది. ఎంజైము అనగానే వరహాలమ్మ, మీరు ఏంజెయ్యమంటే అదే జేస్తామండి అంది.

"ఇది కండ పెంచే మందు కాదు, అరగడానికి సాయం, అంతే. కొందరికి పనిచేస్తుంది, కొందరికి చెయ్యదు, ఒక నెల చూద్దాం. మొదటి ముద్దతో పాటు వేసుకోండి. తిన్నది ఒంటికి పట్టాలి, అదీ ముఖ్యం. తిన్నాక అరిగేదాకా కాస్త నడవండి. రోజుకి పదిసార్లు చేతులు ఆనించకుండా లేచి కూర్చోండి. పదిహేను రోజులయ్యాక ఒకసారి కనపడండి."

దారి పొడుగునా వరహాలమ్మ ఆ మాటలే వల్లె వేసుకుంటూ వచ్చింది. ఇల్లు చేరేసరికి అక్షరం పొల్లుపోలేదు. పోయుంటే బాగుండేది.

మధ్యాహ్నం విస్తరి ముందు నలుగురూ ఆలోచనలో పడ్డారు. గొట్టం మాత్రల డబ్బా మధ్యలో పెట్టారు. వేసుకోవడం అంటే ఏమిటని గవర్రాజు అడిగాడు. చొక్కా వేసుకుంటాం, గొలుసు వేసుకుంటాం, చెప్పులు వేసుకుంటాం అని లెక్కపెట్టింది సరోజిని. మాత్ర చొక్కాలా పట్టదు, చెప్పులా వేసుకుంటే చితుకుతుంది. కాబట్టి గొలుసే. సరోజిని మల్లెపూలు కట్టినంత ఒద్దికగా దారంతో మాత్రకి ముడివేసింది.

"ముద్దతో పాటు అన్నారు మావయ్యగారూ" అని గుర్తుచేసింది.

నిజమే కదా. ఒక్క మాత్ర వేసుకుంటే డాక్టరమ్మ మాట జవదాటినట్టే. పలచటి గుడ్డలో పప్పన్నం ముద్ద మూటకట్టి మాత్ర పక్కనే వేలాడదీశారు. తాతబ్బాయి గారు మెడలో వేసుకుని అద్దంలో చూసుకుని, మందు ఒంటికి నప్పింది అన్నారు.

పూటకొక ముద్ద, పూటకొక మాత్ర. మూడో రోజుకి మెడలో ఆరు ముద్దలు ఊగుతున్నాయి. మొదట చీమలొచ్చాయి. తరవాత కాకి వచ్చింది. కాకి ఒక్కటే రాదు కదా, బలగాన్ని పిలిచింది. ఇంకేముంది, తాతబ్బాయి గారు వీధిలో ముందు, కాకులు వెనక. డెబ్బై ఆరేళ్ళ మనిషి రైసుమిల్లు దాకా పరిగెత్తి, మందుల షాపులో దూరారు.

షాపు కామేశానిది. కామేశం ఆ మాలలో ముద్దలన్నీ ఒక్కొక్కటే లెక్కపెట్టాడు. తరవాత మెల్లగా, మెళ్ళో కాదు బాబాయిగారూ, నోట్లో వేసుకోవాలి అన్నాడు.

"ఆ ముక్క డాక్టరమ్మ చెప్పొద్దూ" అని విసుక్కుంటూ ఇంటికొచ్చారాయన. డాక్టరు చదువులో ఇంత అజాగ్రత్త ఉంటుందని అనుకోలేదు.

ఆ పూట నుంచి మాత్ర నోట్లో వేసుకున్నారు. వేసుకుని, బుగ్గన పెట్టుకుని కూర్చున్నారు. మింగమని కామేశం అన్నాడా? లేదు. నమలమన్నాడా? లేదు. కాసేపటికి గొట్టం కరిగి లోపలి పొడి నాలుకంతా పరుచుకుంది. నాలుక చురచుర, మొహం చింతకాయ. ఎవరైనా పలకరిస్తే తల ఊపడమే. బులుసు వారి పెద్దావిడ వచ్చి, ఏమ్మా మీ ఆయన మౌనవ్రతం పట్టారా అని అడిగితే, లేదండీ, మందులో ఉన్నారు అంది వరహాలమ్మ. ఆ మాట ఊరంతా ఇంకోలా పాకింది. అది వేరే గొడవ.

ఇక నడక సంగతి. తిన్నాక అరిగేదాకా నడవమంది డాక్టరమ్మ. ఏది అరిగేదాకా? నడిస్తే అరిగేవి చెప్పులే, చిన్నపిల్లాణ్ణి అడిగినా చెబుతాడు. తాతబ్బాయి గారివి పెళ్ళికి కొన్న కొత్త చెప్పులు, లారీ టైరు అట్టలవి. ఆయన భోజనం చేసి బయలుదేరేవారు. కాలవగట్టు దాకా వెళ్ళి చెప్పు తిరగేసి చూసేవారు, అరగలేదు. లాకుల దాకా వెళ్ళి చూసేవారు, అరగలేదు. పొద్దు వాలేవేళకి కాళ్ళీడ్చుకుంటూ ఇంటికి వచ్చేవారు. ఆ చెప్పులేమో రోజురోజుకీ నిగనిగలాడుతున్నాయి.

తండ్రి అవస్థ చూడలేక గవర్రాజు ఒకరోజు వాటిని బట్టలుతికే బండ మీద పెట్టి గంధం తీసినట్టు అరగదీశాడు. మడమ దగ్గర చిల్లి పడ్డాక తెచ్చి చూపించాడు.

"అరిగాయి నాన్నా. ఇంక కూర్చో."

కొడుకు తెలివికి ఆయన కళ్ళు చెమర్చాయి. కానీ అప్పటికే పది రోజులు లాకుల దాకా నడిచేశారు.

లేచి కూర్చోవడం మాత్రం ఏ తేడా లేకుండా సాగింది. డాక్టరమ్మ చెప్పినవాటిలో ఎటు తిప్పినా ఒకటే అర్థం ఉన్న ముక్క అదొక్కటే. ఆయనకి కావలసింది బంతిలోంచి లేవడం గనక పీట మీద కూర్చుని మొదలుపెట్టారు. మొదటిరోజు ఒకసారి లేవడానికే ఇంట్లోవాళ్ళందరూ దేవుణ్ణి తలుచుకోవాల్సి వచ్చింది. అయినా రోజుకి పది అంటే పది. గవర్రాజు లెక్క చెప్పేవాడు. పదోసారి లేచి కూర్చున్నాక వరహాలమ్మ వచ్చి, ఇంక లేవండి అనేది. అప్పుడు గానీ లేచేవారు కాదు, ఎందుకంటే పదిసార్లూ లేచి కూర్చోమన్నారు, తరవాత సంగతి చెప్పలేదు.

పదిహేనో రోజు వచ్చింది. కనపడమన్నారు కదా, నలుగురూ ఉతికిన బట్టలు కట్టుకుని పట్నం వెళ్ళారు. ఆసుపత్రి కిటికీ దగ్గర వరసగా నిలబడ్డారు. డాక్టరమ్మ ఎవరికో సూదిమందు ఇస్తూ తలెత్తి చూసింది, నవ్వింది, కూర్చోమన్నట్టు తల ఊపింది. కనపడ్డాం అనుకున్నారు. తరవాతి బస్సుకి వెనక్కి వచ్చేశారు. చీటీ రాయించుకోలేదు, వరసలో కూర్చోలేదు, ఇంత సుళువుగా పని చేసుకొచ్చిన ఇల్లు జిల్లాలో ఇంకోటి లేదని వరహాలమ్మ బస్సులో అందరికీ చెప్పింది.

ఇంక ఇరవై నాలుగు రోజులే ఉంది. తాతబ్బాయి గారు తొడలు తడిమి చూసుకుని దిగులుపడ్డారు. ఏదో తక్కువైంది. వరహాలమ్మ మళ్ళీ మొదటినుంచి వల్లె వేసింది, ఒకచోట ఆగిపోయింది. తిన్నది ఒంటికి పట్టాలి. నెత్తికి నూనె పట్టించడం తెలుసు, జుట్టుకి గోరింటాకు పట్టించడం తెలుసు. పప్పు పట్టించడం మరిచేపోయామే అని నోరు నొక్కుకుంది.

ఇంకేముంది, సరోజిని కుండెడు ముద్దపప్పు వండింది. వరహాలమ్మ ఐదు మాత్రలు విప్పి ఆ పొడి పప్పులో కలిపింది. ఆయన ఒక ముద్ద తినడం, ఆవిడ ఒక ముద్ద ఆయన కాలికి పట్టించడం. తిన్నదే పట్టాలి గనక మధ్యమధ్యలో ఆయన ఎంగిలి చేసి ఇచ్చారు. మడమ నుంచి తొడ దాకా పసుపుపచ్చగా మెత్తి, ఎండలో ఆరబెట్టారు. పప్పు ఆరి పెళుసెక్కి పెచ్చులు కట్టింది.

అది దొడ్లో కోళ్ళు చూశాయి.

ఈసారి కాకులకన్నా కోళ్ళే నయం అనుకోవడానికి లేదు. కాకులు మూటని పొడిచాయి, కోళ్ళు పిక్కల్ని పొడిచాయి. తాతబ్బాయి గారు పంచె ఎగ్గట్టి, ఒక్క గెంతులో దడి దాటి, తిన్నగా కామేశం షాపులో పడ్డారు. వెనకే వరహాలమ్మ వచ్చింది, చేతిలో పప్పు గిన్నెతో.

కామేశం వాళ్ళ కథంతా విన్నాడు. విని, నుదురు కొట్టుకున్నాడు.

"మీరు పప్పులో కాలేశారు పిన్నిగారూ."

వరహాలమ్మ నొచ్చుకుంది. "పప్పులో కాలెందుకు వేస్తాం నాయనా, తినేది కదా. కాలికే పప్పు వేశాం."

కామేశం కుర్చీలో కూర్చుని, తాతబ్బాయి గారి చెయ్యి తీసుకుని ఒక్కో ముక్కా విప్పి చెప్పాడు. పప్పన్నం మొదటి ముద్ద నోట్లోకి వెళ్ళాలి. మాత్ర నోట్లోకి వెళ్ళాలి. నీళ్ళు తాగాలి. రెండూ గొంతు దిగాలి. ఆగాడు, అనుమానం వచ్చి, మీ గొంతే, అన్నాడు. మెళ్ళో ఏమీ వద్దు, కాళ్ళకి ఏమీ వద్దు. ఇంతకన్నా తేటగా ఆ ఇంటికి ఇంతవరకు ఎవరూ ఏదీ చెప్పలేదు.

ఆ పూట తాతబ్బాయి గారు పప్పన్నం తిని, మాత్ర మింగి, పొట్ట మీద చెయ్యి వేసుకుని గుమ్మడికాయ కోసం ఎదురుచూశారు. రాలేదు. మర్నాడూ రాలేదు. వారం తిరిగేసరికి పప్పు, గుడ్డు, గడ్డపెరుగు నిర్భయంగా లాగిస్తున్నారు. మాత్ర మహిమో, కాకుల మహిమో, లాకుల దాకా నడకో, పీట మీద పదిసార్లో, నన్నడిగితే నేనేం చెప్పను. ఆయన్నడిగితే మాత్రం, చెప్పింది చెప్పినట్టు చేశాం అంటారు.

గృహప్రవేశం రోజు వచ్చింది. పాపారాయుడి కొత్త ఇంటి ముందు పందిరి, పందిట్లో బంతి. అన్నట్టే ఒక మూల కుర్చీ, బల్ల వేయించాడు, దాని మీద చిన్న విస్తరి కూడా. తాతబ్బాయి గారు దానివైపు చూడనైనా చూడకుండా వెళ్ళి మొదటి విస్తరి ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. బంతిలో గుసగుసలు మొదలయ్యాయి. పాపారాయుడు రెండో విస్తరిలో కూర్చుని, వంటవాళ్ళిద్దర్నీ దగ్గరే ఉండమని సైగ చేశాడు.

తాతబ్బాయి గారు మొదటి ముద్దతో మాత్ర మింగారు. పప్పు రెండుసార్లు వేయించుకున్నారు. పెరుగన్నం అయింది. పందిరంతా ఆయన మోకాళ్ళ వైపే చూస్తోంది. లేవకపోతే ఈ జన్మకి కుర్చీయే.

రెండు చేతులూ గాల్లోకి ఎత్తి, ఊపిరి బిగబట్టి, లేచారు.

నిటారుగా. విస్తరి కిందే ఉండిపోయింది. యాభై మంది ఆశ్చర్యపోతూ ఆయన వెనకే లేచారు. పాపారాయుడి నోరు తెరిచింది తెరిచినట్టే ఉంది. కథ ఇక్కడితో అయిపోవాల్సిందే.

కానీ పందిరి గుంజ పక్కన నిలబడ్డ గవర్రాజుకి గుర్తొచ్చింది, ప్రయాణం హడావిడిలో ఇవాళ పది ఇంకా మొదలుకాలేదని.

"ఒకటి" అన్నాడు గవర్రాజు.

అంతే. తాతబ్బాయి గారు కూర్చున్నారు. పెద్దాయన కూర్చుంటే ఎవరూ నిలబడకూడదు కదా, యాభై మందీ కూర్చున్నారు. ఆయన లేచారు, అందరూ లేచారు. రెండు. కూర్చున్నారు. మూడు. రెండో బంతివాళ్ళు ఆకలితో పందిరి బయట నిలబడి, ఇదేదో కొత్త తంతు కాబోలనుకుని వాళ్ళూ మొదలుపెట్టారు. ఐదోసారికి బంతి మధ్యలో మూలుగులు. ఏడోసారికి బొజ్జలున్నవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు పట్టుకుని లేస్తున్నారు. వేరే వరసలో కూర్చున్న వరహాలమ్మ గర్వంగా, మా ఆయన మందు అందరికీ అంటుకుంది చూడండి అంది.

పదోసారి తాతబ్బాయి గారు లేచేసరికి ఆయన వెనక ఎవరూ లేవలేదు. పాపారాయుడు ప్రయత్నించాడు. చెయ్యి ఆనించి చూశాడు, పక్కకి ఒరిగి చూశాడు. తొడలు ఒప్పుకోలేదు. ఆయన కూర్చున్నాక పాపారాయుడు రొప్పుతూ రెండు చేతులూ జోడించాడు. జన్మలో మొదటిసారి అతని గొంతులో వేళాకోళం లేదు.

"పప్పులో కాలేశాను బావా. నీ సంగతి నాకు తెలీలేదు. మొదటి విస్తరి ఎప్పటికీ నీదే."

తాతబ్బాయి గారి గుండె బెల్లప్పాకంలా కరిగిపోయింది. బావమరిది మీద నలభై రోజుల కోపం ఒక్క క్షణంలో దిగిపోయింది. ఆ అభిమానంతో అతని కాళ్ళ వైపు చూశారు.

రెండూ పొడిగా ఉన్నాయి. గోరుకైనా పప్పంటలేదు.

ఆయన మొహం వాడిపోయింది. ఇంత మంచి మాట అన్నవాడు, కొత్త ఇంట్లో, శుభమా అని, నలుగురి ముందు, అబద్ధమాడినట్టు అయిపోదూ? తన ప్రాణం ఉండగా బావమరిది మాట పోనివ్వడమా? ఆ ఆవేశంలో వరహాలమ్మ ఇంక లేవండి అనకుండానే, లెక్కలో లేని పదకొండోసారి లేచి నిలబడ్డారు.

"గవర్రాజూ, ఆ పప్పు గుండిగ ఇలా పట్రా."

రెండో బంతికి సిద్ధంగా ఉన్న గుండిగ అది, నిండా గోరువెచ్చటి ముద్దపప్పు. పాపారాయుడు దగ్గరే ఉండమన్నాడు గనక వంటవాళ్ళిద్దరూ దగ్గరే ఉన్నారు. చంకల్లో చేతులు వేసి పాపారాయుణ్ణి ఎత్తారు. పంచెకి అంటుకుని విస్తరి కూడా లేచింది. వద్దు బావా, మాటవరసకి అన్నాను బావా అని అతను మొత్తుకుంటూనే ఉన్నాడు. నీ మాట మాటే పాపారాయుడూ, వెనక్కి తీసుకోకు, మేమున్నాం అని ఆయన ధైర్యం చెప్పారు.

గవర్రాజు గుండిగ కింద పెట్టి, మావయ్య రెండు కాళ్ళనీ మార్చి మార్చి చూసి తల గోక్కున్నాడు. ఏ కాలో మావయ్య చెప్పలేదే అన్నాడు.

తాతబ్బాయి గారు కొడుకు వైపు జాలిగా చూశారు. ఎంత పెంచినా కొన్ని తెలివితేటలు వయసుతో గానీ రావు.

"గృహప్రవేశంరా అబ్బాయ్. కుడికాలే ముందు పెట్టించు."